గట్టి నీళ్లు

ఆ ఎండాకాలం నేను మా ఊరి దొరకు చెప్పినవి మూడే మాటలు. మూడూ నిజాలే. బైబిలు మీద చెయ్యి పెట్టి మళ్లీ చెప్పమన్నా చెబుతాను. ఆ నిజాలతోనే నలుగురిలో ఆయన పరువు తీశాను. ఆదివారం ప్రార్థనలో చిన్నాపెద్దా తప్పులన్నీ ఒప్పుకుంటాను గానీ, దీన్ని మాత్రం ఇంతవరకు ఒప్పుకోలేదు. తప్పయితే కదా ఒప్పుకోవడానికి.

అది 1945. నేను నల్లగొండ మిషను దవాఖానలో దుప్పట్లు, కట్టుగుడ్డలు ఉతికి మరగబెట్టే పనిలో ఉన్నాను. కాముని పున్నమి వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం గేటు ముందు ఒక ఎడ్లబండి ఆగింది. తోలుతున్నది మా నాయిన ఏసోబు. వెనక గడ్డి మీద మా అమ్మ పుల్లమ్మ కూర్చుని ఉంది. కుడిచెయ్యి చీరకొంగులో చుట్టుకుంది.

"ఎట్ల పడ్డవమ్మా?" అన్నాను.

"పడలె బిడ్డా. ఒక్క కడవ నీళ్లు తోడుకున్న, గంతే."

డాక్టరమ్మ చెయ్యి విప్పి చూసింది. మణికట్టు దగ్గర ఎముక రెండుచోట్ల విరిగింది. పట్టీ వేస్తున్నంతసేపూ నాయిన గోడకేసి చూస్తూ జరిగింది చెప్పాడు.

మోత్కూరుకు రెండు కోసుల దూరంలో మా ఊరు. ఊరికి ఎడంగా మా గూడెం, గూడెం పక్కన ఊటబావి. మా తాత, ఆయన తమ్ముళ్లు రాయి పగలగొట్టి తవ్వుకున్న బావి అది. నీళ్లు తియ్యగా ఉంటాయి. ఆ ఏడు ఎండలు ముందే ముదిరి, దొర ఉండే గడిలో బావి అడుగంటింది, మిగిలిన నీళ్లు చేదెక్కాయి. దొర కన్ను మా బావి మీద పడింది. పట్వారి కృష్ణయ్య పంతులు వచ్చి గోమూత్రం చల్లి, ఏదో మంత్రం చదివి వెళ్లాడు. పొద్దున దాకా మేము ముట్టిన మైల నీళ్లు, ఆ పూట నుంచి మేము ముట్టకూడని మడి నీళ్లయ్యాయి. చుట్టూ తుమ్మకంప వేసి, మైసయ్య అనే మనిషిని కర్రతో కాపలా పెట్టారు. గూడెం ఆడవాళ్లు మైలున్నర నడిచి, ఎండిన వాగు ఇసుకలో చెలిమెలు తవ్వుకుని చెంబెడు చెంబెడు తోడుకొస్తున్నారు. నాయినకు జ్వరం కాసి నోరు పిడచగట్టిన రోజు అమ్మ కంప తోసుకుని లోపలికి వెళ్లింది. మైసయ్య పట్టుకుని గడికి తీసుకుపోయాడు.

దొర ఉయ్యాలబల్ల మీది నుంచి లేవలేదట. కోపం కూడా తెచ్చుకోలేదట.

"ఏ చేత్తోని తోడినవే?" అని అడిగాడట.

మా అమ్మ పిచ్చిది. అడిగారు కదా అని కుడిచెయ్యి చాపి చూపించింది. మైసయ్య కర్ర ఎత్తాడు.

ఇదంతా వింటూ నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. ఏడుపు అయిపోయాక నాకు వేరే ఆలోచన ఏదీ రాలేదు. ఆ బావి మళ్లీ మా అమ్మది కావాలి. ఆ దొర తల దించాలి. ఎలాగో తెలియదు, కానీ ఉతుకుతున్న ప్రతి గుడ్డనూ ఆయన అనుకునే బండకేసి కొట్టాను.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. దవాఖానలో రెండు బావులుండేవి. ఒకదాని నీళ్లలో సబ్బు రుద్దగానే నురగ వచ్చేది. రెండోదానిలో సగం సబ్బు అరిగినా నురగ రాదు, పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలేవి. గుడ్డలు మరగబెట్టే డేగిసాకు లోపల తెల్లగా పెచ్చు కట్టేది. చాకుతో గీకలేక నా గోళ్లు పోయాయి. ఒకరోజు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి ఒక సీసాలో ఆ నీళ్లు పోసి, కొలత గొట్టంలోంచి సబ్బునీళ్లు కొద్దికొద్దిగా వదులుతూ సీసా గిలకొట్టమంది. నురగ నిలిచేదాకా ఎంత సబ్బు పట్టిందో చూసి రాసుకుంది.

"భూమిలో రాళ్లను ఒరుసుకుని వచ్చేటప్పుడు నీళ్లు రెండిటిని కరిగించుకుంటాయి సాలమ్మా," అంది. "ఒకటి సున్నంలో ఉండే కాల్షియం. రెండోది మెగ్నీషియం. నువ్వు వేసిన సబ్బును ముందు అవి తినేస్తాయి. వాటి కడుపు నిండాకనే నీకు నురగ."

ఆ తర్వాత పట్నంలోని నీళ్ల పరీక్షశాలకు సీసాలు పంపితే ఇంగ్లీషులో కాగితం వచ్చింది. లక్ష పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లు ఏముందో అందులో వరుసగా ఉంటుంది. మొత్తం హార్డ్‌నెస్ ఇంత, కాల్షియం ఇంత, మెగ్నీషియం ఇంత. మిషను బడిలో చదివిన ఇంగ్లీషు నాకు ఆ మాత్రానికి సరిపోయింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది, "ఇవి బడి మార్కులు కావు. అంకె పెరిగినకొద్దీ నీళ్లు చెడ్డవి." మెగ్నీషియం అంకె దగ్గర ఆగి, అలమరలో ఉన్న భేది ఉప్పు సీసా చూపించింది. "అది ఇదే. ఈ అంకె బాగా ఎక్కువున్న నీళ్లు అలవాటు లేనివాళ్లు తాగితే, మనం వాళ్లకు భేదులకు మందిచ్చినట్టే."

అమ్మ ఒంటిచేత్తో ఇల్లు నడపలేదు కనుక మూడు నెలలు సెలవు పెట్టి ఆమె వెంట ఊరికి వచ్చాను.

ఉగాది దాటాక జిల్లా పెద్ద అధికారి తాలూక్‌దారు గారి క్యాంపు మా ఊళ్లో పడుతుందని తెలిసింది. దొర గడికి సున్నాలు వేయించాడు. ఊరందరినీ వెట్టికి పిలిచి దారులు చదును చేయించాడు. ఆ ఏడు అక్కడక్కడ గత్తర, అంటే కలరా, తగిలి ఉంది కనుక, క్యాంపుకు ముందు నీళ్లు పరీక్ష చేయించాలని సర్కారు హుకుం. ఒక జవాను వచ్చి మా ఊటబావి నీళ్లు ఒక సీసాలో, గడి బావి నీళ్లు ఒక సీసాలో పట్టి లక్క వేసుకుని పోయాడు. పదిహేను రోజులకు పట్నం నుంచి కాగితం వచ్చింది. పంతులుకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. ఇంగ్లీషు రాదు.

"ఏసోబు బిడ్డకు వస్తదట దొరా," అన్నాడట పంతులు. అలా గడి నుంచి నాకు పిలుపు వచ్చింది.

పొద్దుటి పూట. గడి వాకిట్లో వెట్టివాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. నేను గచ్చు ఎక్కకూడదు కనుక కింద మట్టిలో నిలబడ్డాను. కాగితం నా చేతికి ఇవ్వలేదు. పంతులు దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి దూరం జరిగాడు. నేను వంగి చదివాను. ఒకటో నంబరు మా ఊటబావి. రెండో నంబరు గడి బావి. అంకెలు రెండుసార్లు చూసుకున్నాను.

"ఏముందే గండ్ల?" అన్నాడు దొర.

"గత్తర పురుగు ఏ సీసాల లేదని ఉంది దొరా. తర్వాత హార్డ్‌నెస్ అని ఉంది. ఒకటో సీసాల తొమ్మిది. రెండో సీసాల తొంభై ఏడు."

"హార్డ్‌నెస్ అంటె?"

సబ్బు విరిచే గుణం అనవచ్చు. పప్పు ఉడకనివ్వని గుణం అనవచ్చు. నా నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే గోడ దగ్గర కర్ర ఆనించుకుని నిలబడ్డ మైసయ్య కనిపించాడు. అదే కర్ర.

"గట్టిదనం దొరా," అన్నాను.

దొర ఉయ్యాల ఆపి ముందుకు వంగాడు. "గట్టి నీళ్లా! ఇంకేమున్నయ్?"

"కాల్షియం ఒకటో దాంట్ల రెండు. రెండో దాంట్ల పద్నాలుగు."

ఆ పేరు ఆయనకు తెలుసు. మోకాళ్ల నొప్పులని పట్నం వెళితే డాక్టరు ఆ మందే సూదితో ఎక్కించాడు. "ఇగో పంతులూ, గదే గద నాకు ఎక్కిచ్చింది!"

"గదే దొరా. బొక్కల బలానికి."

"మెగ్నీషియం ఒకటో దాంట్ల ఒకటి. రెండో దాంట్ల పదిహేను," అని చదివాను.

"గదేంది మల్ల?"

"గది గుడ మందే దొరా. మా దవాఖానల సీసలల్ల పెడ్తరు."

దొర నవ్వాడు. నీళ్ల సంగతి ఆయన మరిచిపోయినట్టే ఉన్నాడు. ఆయనకు తెలియాల్సింది వేరే.

"ఊకె చదువుడు గాదు. మొత్తం మీద ఎవలకు ఎక్కువొచ్చింది? గడికా, గూడేనికా? సాఫ్ జెప్పు."

"మీదే ఎక్కువ దొరా. పదింతలు."

వాకిలంతా విన్నది. దొర మీసం మీద చెయ్యి వేశాడు. తర్వాత పంతులు మీద విరుచుకుపడ్డాడు. "తొమ్మిదట! నెల దినాల సంది గా తొమ్మిది నీళ్లు నాకు తాగవెడ్తివి గదనయ్యా!"

"చేదుగున్నయని తమరే అంటిరి దొరా," అని నసిగాడు పంతులు. వెంటనే సర్దుకున్నాడు. "మందన్నంక చేదే ఉంటది మరి."

"మైసా, పోయి కంప పీకెయ్. గా నీళ్లు గాళ్లకే ఉండనీ. తాలూక్‌దార్ సాబుకు గడి బాయి నీళ్లే వొయ్యాలె, నెల దినాల సంది తోడక ఊరినయ్ గద. తొంభై ఏడంటె మాటలా!"

కాగితంలో అడుగున ఇంకొక వరుస ఉంది. "ఇంకొక్క ముక్క ఉన్నది దొరా," అన్నాను.

"చాలు తియ్. పో."

చాలన్నాడు. నేను వచ్చేశాను. గట్టిగా బతిమాలి ఉంటే విని ఉండేవాడేమో. బతిమాలలేదు.

ఇంటికి వచ్చేసరికి కంప పీకేస్తున్నారు. ఆడవాళ్లు కడవలు పట్టుకుని బావి దగ్గరికి పరుగెత్తారు. నాయినకు నమ్మకం కుదరలేదు.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"కాయిదం చదివిన నాయినా."

బావి తిరిగి వచ్చింది. అంతటితో ఊరుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అన్నం కలపలేక ఎడమచేత్తో ముద్ద పెట్టుకుని, మెతుకులు ఒడిలో పడుతుంటే సిగ్గుపడే మా అమ్మను మీరు చూడలేదు. పైగా కాగితం సంగతి ఇంకెవరైనా చెబితే మర్నాడే కంప మళ్లీ వస్తుంది. క్యాంపుకు ఇంకా పన్నెండు రోజులుంది. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఈ మధ్యలో ఒక ఇబ్బంది వచ్చింది. గడిలో వంట చేసే భద్రమ్మ ఒక మధ్యాహ్నం మా గూడెం అంచున నిలబడి ఏడుస్తోంది. కందిపప్పు రెండు జాములు మరిగినా గుండ్లలాగే ఉంటోందట. పొద్దున దొర పప్పుగిన్నె ఆమె మీదికి విసిరాడు. మెడ దగ్గర బొబ్బ లేచింది. నా నిజం ఆమె మెడ మీద పడిందని నాకు అర్థమైంది. ఆమెతో నాకేం పగ?

"పప్పుల చిటికెడు తినే సోడా ఎయ్యక్కా. వెన్న లెక్క ఉడుకుతది."

"నీళ్లేమన్న ఖరాబా సాలమ్మా?"

"నువ్వు పప్పు మట్టుకు చూస్కో. నీళ్ల ఫికరు నీకెందుకు?" అని, మా బావి నీళ్లు చెంబెడు ఇచ్చాను. ఆమె ఊరి మనిషి, మా నీళ్లు తాగకూడదు. అటూ ఇటూ చూసి గటగటా తాగేసి, మూతి తుడుచుకుని వెళ్లింది. క్యాంపు అయ్యేదాకా రోజూ వచ్చింది.

తాలూక్‌దారు ఒక సాయంత్రం దిగాడు. వెంట రాతకోతలు చూసే పేష్కారు, జవాన్లు, వంటవాళ్లు కలిసి ముప్పై మంది. వెండి గ్లాసుల్లో చక్కెర వేసి షర్బత్ ఇచ్చారు. రాత్రి భోజనంలో పప్పు బాగుందన్నారట. మర్నాడు పొద్దున పేష్కారు గడ్డం గీసుకోవడానికి సబ్బు రుద్దితే చెంపల మీద విరిగిన పెరుగు పూసినట్టు అయిందని భద్రమ్మ నవ్వలేక నవ్వుతూ చెప్పింది. దొర మాత్రం అతిథులకు మళ్లీ మళ్లీ నీళ్లు పోయించాడు. "తాగుండ్రి సాబ్, బలమైన నీళ్లు" అన్నాడట.

ఆ మధ్యాహ్నం నుంచి మొదలైంది. గడికి, మా గూడేనికి మధ్య తంగేడు పొదలున్నాయి. మొదట ఇద్దరు జవాన్లు చెంబులు పట్టుకుని వచ్చారు. వాళ్లు లేవకముందే ఇంకో నలుగురు. సాయంత్రానికి దారి వెంట బారులు తీరారు. బూట్లు లేకుండా ఒకరు, తలపాగా ఊడిపోయి ఒకరు. చివరికి పేష్కారు వచ్చాడు, గొడుగు అడ్డం పెట్టుకుని. మా నాయిన గుడిసె చూరు కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఏడు ఆయన నవ్వడం అదే మొదలు.

అమ్మ నవ్వలేదు. "దొర గుడ ఉర్కుతాండా?" అని అడిగింది.

"లేదమ్మా. దొర చిన్నప్పటి సంది తాగిన నీళ్లే గద. అలవాటైపోయినయ్."

"గట్లయితె ఏం లాభం?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ మర్నాడు పొద్దున్నే మైసయ్య వచ్చి నన్ను గడికి రమ్మన్నాడు. అమ్మ కూడా నా వెంట బయలుదేరింది. వద్దన్నా వినలేదు.

తాలూక్‌దారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. ఒడిలో దిండు పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేశాడు. దొర నిలబడి ఉన్నాడు. మా ఊళ్లో దొర నిలబడి ఉండగా ఇంకొకరు కూర్చోవడం నేను పుట్టాక చూడలేదు. ఎవరో విషం పెట్టారని తాలూక్‌దారు గద్దిస్తే, నీళ్లలో ఏ దోషం లేదని చూపించడానికి దొరే ఆ కాగితం తెచ్చి ఇచ్చాడట. తన చేత్తోనే. కుడిచేత్తోనే అనుకుంటాను.

తాలూక్‌దారు అడుగు వరుస పైకి చదివి, అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. "రెండో నంబరు నీళ్లు మితిమీరి సఖ్త్, అంటే గట్టివి. తాగడానికి, వంటకు పనికిరావు. అలవాటు లేనివాళ్లకు విరేచనాలవుతాయి. ఒకటో నంబరు నీళ్లు శ్రేష్ఠం." కాగితం మడిచి దొరకేసి చూశాడు. "ఇది దగ్గర పెట్టుకుని మాకు ఆ నీళ్లు పోశారా?"

"గీ మిషను పిల్ల హుజూర్! గిదే తప్పుగ చదివి మోసం జేసింది!"

"ఏం చదివినవ్?" అని తాలూక్‌దారు నన్ను అడిగాడు.

"అంకెలన్ని ఉన్నయి ఉన్నట్టు చదివిన హుజూర్. ఆఖరి ముక్క చదువుత అంటె దొర చాలన్నడు. గీళ్లందరు విన్నరు."

తాలూక్‌దారు పంతులును చూశాడు. పంతులు నేలను చూశాడు.

"హార్డ్‌నెస్ అంటే ఏమని చెప్పినవ్?"

"గట్టిదనం అన్న హుజూర్."

 ఆయన నవ్వబోయి, కడుపులో మెలిపెట్టిందేమో దిండు నొక్కుకున్నాడు. "తర్జుమా సహీ హై," అన్నాడు. తర్జుమా సరిగానే ఉందని పేష్కారు మాకు విడమరిచి చెప్పాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆగలేదు. వెట్టివాళ్ల వరుసంతా పాకింది. దొర వెనక్కి తిరిగి చూశాడు గానీ, అంతమంది ముఖాల్లో ఏ ఒక్కరిని తిట్టాలో తోచక తల దించాడు.

ఒకటో నంబరు బావి ఎవరిదని తాలూక్‌దారు అడిగాడు. నేను చెప్పాను. దానికోసం మా అమ్మకు ఏం జరిగిందో కూడా చెప్పాను. అమ్మ పట్టీ కట్టిన చెయ్యి ముందుకు చాపింది. ఆయన చెయ్యి చూశాడు. తర్వాత పేష్కారుతో రాయించాడు. ఊటబావి ఇకనుంచి సర్కారు రిజిస్టరులో తాగునీళ్ల బావి, గూడెం వాళ్లను ఎవరూ అడ్డగించకూడదు. ఇకముందు క్యాంపులకు నీళ్లు అక్కడి నుంచే రావాలి. చెయ్యి గురించి ఒక్క అక్షరం రాయించలేదు.

మధ్యాహ్నానికల్లా క్యాంపు ఎత్తేశారు. దొర పొలిమేర దాకా వెంట నడిచినా తాలూక్‌దారు బండి ఆపలేదు.

దొర నన్నేమైనా చేస్తాడని చాలారోజులు భయపడ్డాం. ఏం చేయలేకపోయాడు. నన్ను దండిస్తే కారణం చెప్పాలి, చెబితే ఊరు మళ్లీ నవ్వుతుంది. ఊరు ఆ లోపే మొదలుపెట్టింది. నాట్లలో నారుకట్టలు లెక్కపెట్టేవాళ్లు తొంభై ఆరు తర్వాత "దొర" అని, ఆ పైన తొంభై ఎనిమిది అనేవాళ్లు. ఇప్పటికీ మా ఊళ్లో ముసలివాళ్లు అలాగే లెక్కపెడతారు.

మృగశిర కార్తె వచ్చినా వాన పడలేదు. గడి బావి పూర్తిగా ఎండిపోయింది. ఒక పొద్దున మైసయ్య కావడికి రెండు ఇత్తడి బిందెలు తగిలించుకుని మా బావి దగ్గరికి వచ్చాడు. చేతిలో కర్ర లేదు. గూడెం ఆడవాళ్లు పది మంది వరుసలో ఉన్నారు. ఎవరూ జరగలేదు. వాళ్లందరూ తోడుకుని వెళ్లేదాకా ఎండలో నిలబడ్డాడు.

చివరికి అమ్మ వంతు వచ్చింది. ఆమె పట్టీ అప్పటికి విప్పారు. మణికట్టు వంకరగా అతికింది, వేళ్లు ముడుచుకోవు. గిరక మీది తాడు ఎడమచేత్తో లాగి, పళ్లతో పట్టుకుని, మళ్లీ లాగి, బొక్కెన పైకి తెచ్చి కడవ నింపుకుంది. నేను సాయం చేయబోతే చూపుతోనే ఆపింది.

మైసయ్య బిందెలు కింద పెట్టాడు. "దొర తాగనీకె నీళ్లు గావాలె పుల్లమ్మా," అన్నాడు. 

"ఏ చేత్తోని తోడమంటవ్?" అంది అమ్మ.

 అమ్మ తాడు కొస తీసుకెళ్లి మైసయ్య అరచేతిలో పెట్టింది.

"నువ్వే తోడుకో మైసన్నా. నీకు రెండు చేతులు మంచిగున్నయి గద."

కడవ ఎడమ చంకన పెట్టుకుని ఇంటివైపు నడిచింది. నేను ఆమె వెనకే వచ్చాను.